బూడిద గళ్ళ చీరలో ఇంద్రధనుస్సు

ఆ రోజు కాటన్‌పేటలో నేను చేసిన తప్పేమిటో ముందే ఒప్పుకుంటాను. ఒక బూడిద రంగు నూలు చీరలో లేని రంగులు ఉన్నాయని చెప్పాను. ఇంతేనా అనకండి. చీర గురించి అబద్ధం చెబితే చీరకు పోయేదేమీ లేదు, అది బీరువాలో తన మడతల్లో తాను పడుకుంటుంది. కానీ నా మాట విని, జీవితమంతా రంగులు చూసి బతికిన ఒక పెద్దమనిషి తన కళ్ళను తాను నమ్మడం మానేశాడు. అంగడి కట్టేస్తానన్నాడు. ఇంత ఉపద్రవాన్ని నేను దురాశతోనో కక్షతోనో తెచ్చిపెట్టలేదు. "నాకు తెలియదు" అన్న మాట నోట్లోంచి రాక తెచ్చిపెట్టాను.

ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వితే నాకు అభ్యంతరం లేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

ఆ మధ్య నాకు కెమెరా పిచ్చి పట్టింది. ఎలక్ట్రానిక్ సిటీలో పగలంతా కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళకు ఒక వయసు దాటాక ఏదో ఒకటి పడుతుంది. కొందరు సైకిలు కొంటారు. కొందరు బాల్కనీలో టమాటాలు పెంచుతారు. కొందరు పరుగు పందేలకు వెళ్ళి మోకాలికి కట్టుతో తిరిగొస్తారు. నేను కెమెరా కొన్నాను. దానితో వచ్చిన పుస్తకం అట్ట కూడా తిప్పలేదు. ఇంటర్నెట్‌లో పాఠాలు చూశాను, అవీ సగం సగం. ఏ పాఠమైనా మొదటి సగంలో కెమెరా ఎంత గొప్పదో చెబుతుంది, రెండో సగంలో అది ఎక్కడ మోసం చేస్తుందో చెబుతుంది. నాకు మొదటి సగంతోనే కడుపు నిండిపోయేది.

మా ఇంట్లో ఇడ్లీ కూడా మొహం మీద లైటు పడకుండా ప్లేటులోకి దిగేది కాదు.

"చల్లారిన ఇడ్లీ తినొచ్చు," అనేది మా ఆవిడ సునీత. "ఈ వీడియోని ఏ చట్నీతో తినాలో అది చెప్పండి."

అలాంటి రోజుల్లో మా అపార్టుమెంటు ఆడవాళ్ళు ఉగాదికి కోలాటం వేయాలనుకున్నారు. వాళ్ళ నాయకురాలు పద్మగారు. విజయవాడ ఆవిడ, మా పై అంతస్తు. ఒకరోజు లిఫ్టులో దొరికిపోయాను.

"శ్రీకాంత్‌గారూ, సునీత వాళ్ళ మామయ్యగారికి కాటన్‌పేటలో చీరల హోల్‌సేల్ షాపుందట కదా? మా కోలాటానికి అందరికీ ఒకే చీర కావాలండీ. కానీ ఇంతమందిమి ఈ ట్రాఫిక్‌లో కాటన్‌పేట వెళ్ళి వచ్చేసరికి వచ్చే ఏడాది ఉగాది వచ్చేస్తుంది."

"మీరెందుకు వెళ్ళడం? నేను వీడియో తీసుకొస్తాను. చీర చేత్తో పట్టుకున్నట్టే ఉంటుంది."

"ఎలా ఉందో అలాగే కనపడాలండీ. లాస్ట్ ఇయర్ ఆన్‌లైన్‌లో మెరూన్ అని ఆర్డర్ పెడితే ఇటుక రంగు వచ్చింది. మా గ్రూపులో సగంమంది ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడతారు."

"నా కెమెరా అబద్ధం చెప్పదండీ," అన్నాను.

పాఠకులారా, ఆ వాక్యాన్ని మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నేను మర్చిపోలేకపోతున్నాను, అది చాలు.

గోవిందప్ప మామయ్య సునీతకు మేనమామ. వాళ్ళ పెద్దలు ఎప్పుడో హిందూపురం వైపు నుంచి వచ్చి కాటన్‌పేటలో స్థిరపడ్డారు. ఆయన అంగడి ఒక సన్నటి సందులో ఉంటుంది. సన్న గళ్ళ నూలు చీరలకు ఆ సందులో ఆయనదే పేరు. ఆయనకొక పద్ధతుంది. లోపల ట్యూబులైటు కింద చూపిన చీరను అలాగే కట్టి ఇవ్వడు. ఎంత పాత గిరాకీ అయినా సరే, గడప దాకా పిలిచి, చీర కొంగు ఎండలో పరిచి, "చూడప్పా, ఇదీ రంగు," అని చూపించి, వాళ్ళు "ఊ" అన్నాకే మడత పెడతాడు. మబ్బు పట్టిన రోజున వచ్చినవాళ్ళకు కాఫీ ఇస్తాడు గానీ చీర ఇవ్వడు. ఎండ వచ్చేదాకా కూర్చోమంటాడు.

అలాంటి మనిషి దగ్గరికి నేను కెమెరా, స్టాండు, మెడలో రెండు బ్యాగులు వేసుకుని, పెళ్ళికి వచ్చిన బాజా వాడిలా దిగాను. సునీత కూడా వచ్చింది.

"ఫోన్లో చూసి చీర ఎట్ల తీసుకుంటారప్పా?" అన్నాడు మామయ్య.

"ఇప్పుడందరూ అలాగే కొంటున్నారు మామయ్యా."

"కొంటా ఉండారు సరే. తిప్పి పంపిస్తా కూడా ఉండారు కదా. నా అంగడికి రంగు బాగలేదని తిరిగొచ్చిన చీర లేదు."

"మామా, ఈయన వీడియో తీయకుండా ఇడ్లీ కూడా తినరు," అంది సునీత. "తీసుకోనీ, లేకపోతే మనల్ని కాఫీ తాగనివ్వరు."

మామయ్య కాసేపు ఆలోచించాడు. "సరేప్పా. నువ్వు చదువుకున్నోడివి. గడప దగ్గరే తియ్యి, ఎండలో తియ్యి. నేను ఏ రంగు చూపిస్తానో ఆ రంగే వాళ్ళకు చేరల్ల. అంతే నేను అడిగేది."

పద్మగారి బృందానికని ఆయనే ఒక చీర ఎంచాడు. దగ్గరగా చూస్తే తెల్ల పోగులూ నల్ల పోగులూ కలిసి ఆవగింజంత గళ్ళు. కాస్త వెనక్కి జరిగితే గళ్ళు కరిగిపోయి మెత్తటి బూడిద రంగు. నిజంగా అందమైన చీర. దాన్ని గడప పైనున్న కొక్కేనికి వేలాడదీశాడు.

చీర మొత్తం కనపడాలని నేను సందు దాటి ఎదుటి అంగడి మెట్టెక్కాను. పాఠంలోని మొదటి సగం గుర్తుచేసుకుని, బొమ్మ పదును పెంచే సెట్టింగును ఆఖరి దాకా తిప్పాను. ఎంత పదునుంటే అంత నిజమని నా నమ్మకం. రికార్డు నొక్కాను. కెమెరా వెనక ఉన్న చిన్న తెరలో చీర వెలిగిపోయింది. బూడిద రంగు మీద ఆకుపచ్చ, గులాబి, ఊదా అలలు. గాలికి చీర కదిలితే అలలు ఈదుతున్నాయి. నీళ్ళ మీద పడ్డ పెట్రోలు చుక్కను ఎప్పుడైనా చూశారా? అదే, ఆరు గజాల పొడవున.

మామయ్య సందు దాటి వచ్చి తెరలోకి తొంగిచూశాడు.

"ఏందప్పా ఇది? చీర మీద ఏదో పాకతా ఉండాది?"

అదేమిటో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సమయం లేకపోలేదు. చీరకూ మాకూ మధ్య నుంచి ఒక తోపుడు బండి, నిండా బట్టల మూటలతో, మెల్లగా వెళ్ళేంత సమయం ఉంది. బండి వెళ్ళిపోయింది. నేను నోరు తెరిచాను.

"అదా మామయ్యా, నూలులో దాగి ఉన్న మెరుపు. మామూలు కంటికి అందదు. ఇది మంచి లెన్సు కదా, పట్టేసింది."

"కంటికి అందదా?"

"అందదు."

"నా కంటికీ?"

"ఎవరి కంటికైనా అంతే మామయ్యా. వయసు పెరిగేకొద్దీ ఇంకా అందదు."

ఆ చివరి ముక్క ఎందుకన్నానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. వాక్యం పొట్టిగా ఉందనిపించి తోక తగిలించాను. అంతకు మించి కారణం దొరకడం లేదు.

మామయ్య మళ్ళీ గడప దగ్గరికి వెళ్ళాడు. చీర చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళద్దాలు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. తిరగేశాడు. ఎండకు ఎత్తి పట్టాడు. చివరికి మెల్లగా అన్నాడు: "ఇన్నేండ్లు అమ్మినానే. నేనమ్మే చీరలో ఏముండాదో నాకే తెలీకపాయె."

"మామా, ఆయన మాట పట్టించుకోకు," అంది సునీత. "నలుపూ తెలుపూ గళ్ళలో గులాబి ఎక్కడినుంచి వస్తుంది?"

"నీకు టెక్నికల్ విషయాలు తెలియవు," అన్నాను. పెళ్ళయిన మగవాళ్ళు ఈ మాట అనేముందు ఒకసారి నన్ను సంప్రదించగలరు.

వీడియో కోలాటం గ్రూపులో పడింది. పడీపడగానే నా ఫోను కుదురుగా నిలబడలేదు. "అసలు ఏం షేడ్ అండీ!" అని పద్మగారు. "నెమలి ఈక కదులుతున్నట్టుంది!" అని ఇంకొకరు. "స్టేజి లైట్లలో ఊహించుకోండి," అని మరొకరు. ఆ సాయంత్రానికే అందరూ ఒక్క మాట మీదికి వచ్చారు. ఆ అపార్టుమెంటులో అంతకుముందు నీళ్ళ ట్యాంకరు విషయంలో కూడా అలాంటి ఐకమత్యం నేను చూడలేదు.

"వీళ్ళు చీర కొంటున్నారా, మీ వీడియో కొంటున్నారా?" అంది సునీత. నాకది పొగడ్తలా వినిపించింది.

పార్శిల్ వచ్చిన రోజు పద్మగారింటి నుంచి కబురొచ్చింది. అభినందనలకేమో అనుకుని చొక్కా మార్చుకుని మరీ వెళ్ళాను. హాలంతా బూడిద రంగు. సోఫా మీద, డైనింగు టేబులు మీద, ఫ్రిజ్ మీద కూడా చీరలే. వాటి మధ్య ఆడవాళ్ళు పొగమంచులో బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చుని ఉన్నారు.

"శ్రీకాంత్‌గారూ," అన్నారు పద్మగారు, "రంగులెక్కడ?"

"ఎండలో చూశారా?"

"బాల్కనీలో చూశాం. బాత్రూం లైటులో చూశాం. టార్చి వేసి చూశాం."

"కొంచెం దూరం నుంచి..."

"మా అత్తగారిని బాల్కనీలో చీర పట్టుకోమని, మేం కింద పార్కింగులో నిలబడి చూశాం. సెక్యూరిటీ ఆయన కూడా వచ్చి చూశాడు. 'ఆరేయడానికి పెట్టారా మేడం?' అన్నాడు."

"నేను కళ్ళు చికిలించి కూడా చూశానండీ," అంది వెనక నుంచి ఒకావిడ. "తలనొప్పి వచ్చింది. రంగు రాలేదు."

నేను ఏదో అనబోయాను. పద్మగారు చెయ్యెత్తి ఆపారు.

"ఆగండి, మీ మామయ్యగారికి కూడా ఫోన్ చేశాను. పాపం ఆయనేమన్నారో తెలుసా? 'ఉండాదంటమ్మా, నా కంటికే ఆనదు. మా అల్లుడు మిషన్లో చూసినాడు. నువ్వు చిన్నదానివి కదా, నీకేంటికి కనపడలేదు? ఎందుకైనా మంచిది, కండ్ల డాక్టరుకి చూపించుకో,' అని నాకు అడ్రసు కూడా చెప్పారు. ఆయన మొన్ననే వెళ్ళొచ్చారట."

హాల్లో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మామయ్య కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మెట్ల మీదే నిలబడి ఫోన్ చేశాను.

"మామయ్యా, కళ్ళు చూపించుకున్నారట?"

"ఊనప్పా. అద్దాలు అవే చాలు, కండ్లు బాగుండాయి అన్నాడు ఆయప్ప. ఏమో, ఆయన మిషను పాతదేమో. నీ లెన్సు మాదిరి కాదు కదా."

"మామయ్యా, అది..."

"లేదప్పా, నువ్వు చెప్పింది మంచిదే అయింది. ఇప్పుడు గిరాకీ వస్తే రంగు మీరే చూసుకోండప్పా అంటా ఉండాను. గడపలోకి తెచ్చి చూపేది మానేసినా. నాకే కనపడనిది వాళ్ళకేం చూపిస్తాను? ఉగాది అయినాక అంగడి కట్టేద్దామని ఉండాను. కండ్ల మీద నమ్మకం పోయినాక చీరలు అమ్మేదెట్ల?"

ఆయన గొంతులో నా మీద కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఇంటికి వెళ్ళి, అప్పటిదాకా వదిలేసిన పాఠాల రెండో సగాలు చూడడం మొదలుపెట్టాను. పరీక్ష రాసి వచ్చాక సిలబస్ చదివినట్టు.

సంగతి ఇది. దోమల మెష్ ముక్క మీద ఇంకో ముక్క పెట్టి కాస్త జరిపితే, రెంటిలోనూ లేని అలలు పైన కదులుతాయి. మీరూ చూసే ఉంటారు. కెమెరా లోపల బొమ్మ పడే చోటు కూడా అలాంటి మెష్ లాంటిదే. చిన్న చిన్న గదులు వరసగా పేర్చి ఉంటాయి. పైగా ఒక్కో గది ఒక్కో రంగునే చూస్తుంది. మిగతా రంగులు పక్క గదులను చూసి ఊహించుకుంటుంది. ఎదురుగా ఉన్న గళ్ళు తన గదులంత సన్నగా పడ్డాయా, రెండు మెష్‌లు ఒకదాని మీద ఒకటి పడ్డట్టే. కెమెరా తికమక పడుతుంది. ఊహ తప్పుతుంది. లేని అలలు, లేని రంగులు పుడతాయి. నేను పదును పెంచానే, అది ఆ తప్పును ఇంకా గట్టిగా అరిచి చెప్పింది. ఈ అలల్ని మ్వారే అంటారట. అది ఒకప్పుడు నీటి అలల్లా మెరిసే ఒక పట్టుబట్ట పేరు. అంటే పేరు కూడా బట్టల అంగడిలోంచే వచ్చింది. వచ్చి వచ్చి మా మామయ్య అంగడి మీదే పడింది.

నమ్మకం కుదరక నా సన్న చారల చొక్కాను కుర్చీకి తగిలించి తీశాను. ఆఫీసుకు వేసుకునే తెల్ల చొక్కా తెరలో హోళీ ఆడుకుని వచ్చింది.

సరే, వీడియోలో రంగుల్ని తుడిచేయవచ్చేమోనని చూశాను. ఉడికిన గుడ్డును మళ్ళీ పచ్చిగుడ్డు చేయడం లాంటిదని తేలింది. తీసేముందే జాగ్రత్త పడాలట. ఒక పాఠంలో ఒకాయన వివరించాడు: తనకు అందనంత సన్నటి వివరం ఎదురైనప్పుడు కెమెరా అందలేదని ఊరుకోదు, దాని బదులు ఇంకేదో చూపిస్తుంది, దాన్ని అలియాసింగ్ అంటారు. నేను వీడియో ఆపేశాను. ఆయన కెమెరా గురించే చెప్పాడు. కానీ ఎదుటి మెట్టు మీద నిలబడి ఉన్న నేను ఆ వివరణలో స్పష్టంగా కనపడ్డాను, చాలా పదునుగా.

మర్నాడే కాటన్‌పేట వెళ్ళాను. మామయ్య అంగడి లోపల, వెలుతురు చేరని మూల కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ గడపలో ఉండే మనిషిని అక్కడ చూడడం కష్టంగా అనిపించింది.

"మామయ్యా, ఆ రోజు నేను చెప్పింది తప్పు. చీరలో రంగులు లేవు."

"ఉండాయంటివే?"

"కెమెరాలో పుట్టాయి. నాకు తెలియక, తెలిసినట్టు చెప్పాను."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "సుమ్నే, ఊరికే నన్ను ఓదార్చాలని చెప్తా ఉండావు. సునీత పంపించిందా?"

చూశారా నా ప్రతిభ! అబద్ధాన్ని ఒక్క మాటతో నమ్మించాను. నిజానికి సాక్ష్యం కావలసి వచ్చింది.

అదే బూడిద చీరను అదే కొక్కేనికి తగిలించాను. ఆయన చెయ్యి పట్టుకుని సందు దాటించి, ఎదుటి మెట్టు మీద నిలబెట్టి, కెమెరా ఆయన చేతుల్లోనే పెట్టాను. తెరలో అలలు ప్రత్యక్షం.

"ఇదో, ఉండాయి కదప్పా."

"అలాగే తెరనే చూస్తూ చీర వైపు నడవండి మామయ్యా."

నడిచాడు. సందు సగం దాటాక ఆగిపోయాడు.

"పోయినాయి!"

"వెనక్కి రండి."

"వచ్చినాయి!"

"కెమెరాను కాస్త పక్కకు వంచండి."

"ఇప్పుడు ఇట్ల పోయేటివి అట్ల పోతా ఉండాయి!"

ఇక ఆయన నా మాట వినలేదు. ముందుకు వెళ్తాడు, వెనక్కి వస్తాడు, ఒంగుతాడు, లేస్తాడు. సందులో రాకపోకలు ఆగిపోయాయి. మూటల బండి తోలేవాడు "అజ్జా, దారి బిడీ!" అని దారి వదలమంటూ కన్నడంలో అరిచాడు. "ఉండప్పా, స్వల్ప ఉండు, నా కండ్ల సంగతి తేలతా ఉండాది," అని మామయ్య వాడిని కూడా ఆపి తెర చూపించాడు.

చివరికి కెమెరా దించి, న్యాయమూర్తి తీర్పు చదివినట్టు అడిగాడు.

"చీర కదల్లేదు కదా?"

"లేదు."

"నేను కదిలితే రంగు మారతా ఉండాది."

"అవును."

"అట్లయితే అది చీరది కాదు."

"కాదు మామయ్యా."

పక్క అంగడిలో దోమల మెష్ ముక్కలు రెండు అడిగి తెచ్చి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఎండకు ఎత్తి చూపించాను. పైన అలలు కదిలాయి. మామయ్య కళ్ళద్దాలు తీసేసి చూశాడు.

"ఇది నా కంటికే కనపడతా ఉండాదే!" అని పైకే నవ్వాడు. ఆ రెండు ముక్కలు నా చేతిలోంచి లాక్కుని ఎంతసేపు ఆడించాడో. ఆ నవ్వు చూసి తేలికపడుతుండగా ఆయన ఆగి నా వైపు తిరిగాడు.

"అల్లుడూ, ఆ పొద్దే తెలీదు అనింటే ఏం పోయుండేదప్పా?"

"పరువు పోతుందనుకున్నాను మామయ్యా."

"ఎవురి దగ్గర? నా దగ్గరా?"

నేను జేబులోనే ఉన్న లెన్సు మూత కోసం బ్యాగులు వెతకడం మొదలుపెట్టాను. ఆయనే మళ్ళీ అన్నాడు: "పోనీలే. ఆ ఆడోళ్ళకు మాత్రం నువ్వే చెప్పల్ల. చీరలు వద్దంటే అన్నీ మోసుకొచ్చేది కూడా నువ్వే."

ఆ రోజు చీరను మళ్ళీ తీశాను. పదును సెట్టింగును ఈసారి అడుగుకు దించాను. ఎదుటి మెట్టు ఎక్కలేదు. దగ్గరికి వెళ్ళి పోగులు పెద్దగా కనపడేలా ఒకసారి తీశాను. చీర మొత్తం కనపడేలా తీసేటప్పుడు కాస్త ఏటవాలుగా నిలబడి, పోగులు ఒక వెంట్రుకవాసి మెత్తబడేలా లెన్సు సర్దాను. ఒక్కోసారి కొంచెం తక్కువ చూడడమే సరిగ్గా చూడడం. వీడియో చప్పగా వచ్చింది. చీర ఎలా ఉందో అలాగే ఉంది.

కోలాటం సాధన చేసే చోటికి వెళ్ళి, కర్రలు పట్టుకున్న అంతమంది ఆడవాళ్ళ ముందు నిలబడి జరిగింది చెప్పాను. ధైర్యం అనుకోకండి, సునీత తలుపు దగ్గర నిలబడి ఉంది.

తలనొప్పి వచ్చిన ఆవిడ ముందు తేరుకుంది. "అంటే మా కళ్ళు బాగానే ఉన్నాయా?"

"బ్రహ్మాండంగా ఉన్నాయండీ."

"అయితే ఆయన చెప్పిన డాక్టరు అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసుకుంటాను."

చీరలన్నీ వెనక్కి తీసుకెళ్తానన్నాను. పద్మగారు ఒక చీర తీసి భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకున్నారు. "ఉండనివ్వండి. ఎర్ర జాకెట్టు మీద బాగానే ఉంటుంది. రంగుల కోసం వెతికి వెతికి ఈ బూడిద రంగు అలవాటైపోయింది కూడా. కానీ శ్రీకాంత్‌గారూ, ఉగాది రోజు వీడియో మీరే తీయాలి. ఊరికే."

తీశాను. కోలాటం బాగా జరిగింది. నా వీడియోలో చీరలు బూడిద రంగులోనే ఉన్నాయి. అందుకు నేను ఎంత గర్వపడ్డానో, బృందం అంత నీరసపడింది. ఎందుకంటే అక్కడున్న మిగతా అందరూ ఫోన్లలో తీశారు, ఆ ఫోన్లలో చీరలు ఇంద్రధనుస్సులా మెరిసిపోతున్నాయి.

"మా వారి మామూలు ఫోన్లో ఎంత బాగా వచ్చిందో చూడండి," అన్నారు పద్మగారు. "మీ పెద్ద కెమెరాలో ఏమీ లేదేమిటండీ? ఆ మెరుపు కాస్త మీరూ కలపకూడదూ?"

"కలపనండీ," అన్నాను.

నా వీడియోను మామయ్యకు పంపించాను. మర్నాడు పొద్దున్నే ఫోన్.

"బాగా ఆడినారప్పా. కానీ రెండో వరసలో ఆ కొసాన ఉండే ఆయమ్మ చీర మనది కాదు."

మళ్ళీ మళ్ళీ చూశాను. నాకు అందరి చీరలూ ఒక్కలాగే ఉన్నాయి. రెండో వరస చివర ఉన్నది పద్మగారు. అడగాలా వద్దా అని తటపటాయిస్తూనే వెళ్ళి అడిగాను. ఆవిడ నాలుక కరుచుకున్నారు.

"అయ్యో, ఎలా తెలిసిందండీ? ముందురోజు ఉతికితే బాగుంటుందని మా వారి కొత్త నీలం లుంగీతో కలిపి మిషన్‌లో వేశాను. కొంచెం నీలం పట్టింది. ఎవరికీ తెలియదనుకున్నాను!"

మామయ్యకు చెప్పాను.

"అయితే చీర మనదేనా?"

"మనదే మామయ్యా."

"మనది కాదంటిని, అది నా తప్పే. కానీ రంగు వేరేగా ఉండేది నిజమే కదా?"

"నిజమే మామయ్యా."

"అది చాలప్పా. ఉండు, గిరాకీ వచ్చినారు. ఎండ బాగుండాది, గడపలోకి తీసుకపోవల్ల," అని ఫోన్ పెట్టేశాడు. అంగడి కట్టేసే మాట మళ్ళీ ఆయన నోట రాలేదు.

కాబట్టి సకల పాఠకుల సమక్షంలో, ఇంట్లో ఉన్న లెన్సులన్నిటి మీదా ప్రమాణం చేసి చెబుతున్నాను: ఇకపై మా మామయ్య కంటికీ నా కెమెరాకూ తగువు వస్తే, కంటి డాక్టరు దగ్గరికి కెమెరానే తీసుకెళ్తాను.

ఆ శనివారం కాటన్‌పేట నుంచి ఇంకో చీర తెచ్చి, నీలం పట్టిన చీరకు బదులుగా పద్మగారి చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని బాల్కనీలోకి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి, పెదవి కొరుక్కుంటూ అడిగారు.

"శ్రీకాంత్‌గారూ, ఇదేం రంగండీ?"

"బూడిద రంగు," అన్నాను.